ఆంగ్లేయుల యెన్నికలు - మన వీథులు

(గాంధీనగరములోని యొక పఠనమందిరమున గావించిన యుపన్యాసము)



బ్రిటిషు రాజకీయములను గూర్చి మాటాడవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరినపుడు, వెస్టుమినిస్టరు మందిరమును గూర్చియు, ప్రధానమంత్రుల రాకపోకలను గూర్చియు చెప్పుదుమని వా రాశించి యుందురు. ఆ గోపురమును, ఆ గడియారమును మన బిడ్డలు పాఠ్యపుస్తకములలోనే చూచియున్నారు. ప్రధానమంత్రుల సంగతి దినపత్రికలు చెప్పుచునే యున్నవి. మేము చెప్పబూనినది వేఱొకనిని గూర్చి. వానకోటు తొడిగి, రొమ్మున పార్టీరంగు పట్టుపువ్వు గ్రుచ్చుకొని, చేత వీథి జాబితా పట్టుకొని, తెలియని యింటి తలుపు తట్టి నిలుచు సామాన్యుని గూర్చి. ఆ దేశపు యెన్నికలలో మనము నేర్వదగిన దేమైన నున్నచో అది వానియొద్దనే యున్నదని మా నమ్మకము.

అచ్చట స్థిరపడి, అచ్చటి పార్టీలలో పనిచేయుచున్న తెలుగు మిత్రులు కొందరు ఈ విధానమును మాకు విడమరచి చెప్పిరి. ఎన్నికకు మాసముల ముందునుండియే, శనివారమో ఆదివారమో, అయిదారుగురు ఒక వీథిమొగన కలిసికొందురు. వారిలో నొకనిచేత ఓటర్ల జాబితా యుండును. నేడు అది చేతిఫోనులోనికి వచ్చినది గాని పని అదియే. తక్కినవారు వీథికి రెండువైపుల తలుపులు తట్టుదురు. "మే మీ పార్టీవారము, ఈమా రెవరికి ఓటు వేయదలచినారు?" అని యడుగుదురు. మా పార్టీకి, ఎదుటిపార్టీకి, ఇంకను తేల్చుకొనలేదు, ఇంట లేరు - ఈ నాలుగైదు జవాబులలో ఏదో యొకటి పేరునకెదురుగా నొక్క యక్షరముతో గుర్తించుకొందురు. అంతే. వాదములేదు, ఉపన్యాసములేదు. ఎదుటివాడు వ్యతిరేకియని తెలిసినచో కృతజ్ఞతచెప్పి ముందుకు సాగుదురు. మన కిది వింతగా తోచవచ్చును. మన వీథులలో ఓటడుగుటయన్న మైకులు, డప్పులు, పూలవాన. అభ్యర్థి జీపుపై నిలువబడి చేతులు జోడించుట. ఎవ్వరు ఏమనుకొనుచున్నారో తెలిసికొనుట కాదు, మన మెందరమున్నామో చూపుట. వారిది వినుటకై పోవు నడక, మనది వినిపించుటకై చేయు ఊరేగింపు.

వినినదాని ఫలము పోలింగునాడు కనబడును. ఉదయము 7 గంటలనుండి రాత్రి 10 గంటలవఱకు అచ్చట పోలింగు. పోలింగుస్థలము వాకిట ప్రతి పార్టీకి చెందిన స్వచ్ఛందసేవకు డొక్కడు కుర్చీవేసికొని కూర్చుండి, ఓటువేసి వచ్చిన వారి జాబితా సంఖ్య అడిగి వ్రాసికొనును. చెప్పవలెనను నిర్బంధ మెవ్వరికిని లేదు. ఐనను పలువురు చెప్పుదురు. ఆ సంఖ్యలు ఎవరి యింటి ముందుగదిలోనో ఏర్పఱచిన కార్యస్థానమునకు పోవును. మన పార్టీకి వేసెదమన్న వారిలో ఇంకను రానివా రెవరో అచ్చట తేలును. వారి యిండ్లకు సాయంకాలము మరల మనుష్యులు పోవుదురు. ముసలివారికి ఎవరో తమ కారులో చోటిత్తురు. మన చట్టములో పోలింగు ముగియుటకు 48 గంటల ముందే బహిరంగప్రచారము నిలిచిపోవును. అచ్చట నట్టి మౌనము లేదు, రాత్రి పదిగంటలవఱకు తలుపులు తట్టుచునే యుందురు. ఈ విషయమున మన పద్ధతియే ఓటరునకు ఊపిరిపీల్చుకొను వ్యవధి నిచ్చుచున్నదని మేము తలంతుము.

న్యాయవాదవృత్తిలో నున్నవార మగుటచే, ఈ కథలో చట్టభాగము మమ్ము మిక్కిలి యాకర్షించినది. బ్రిటనులో 1983 నాటి ప్రజాప్రాతినిధ్యచట్టము 111వ విభాగము ప్రకారము, అభ్యర్థికై ఓట్లడుగుటకు మనుష్యులను కూలికి పెట్టుకొనుట నేరము. కూలి యిచ్చుటయే కాదు, ఇచ్చెదనని మాట యిచ్చుటయు నేరమే. కరపత్రములు తపాలాలో పంపవచ్చును. ప్రతి యభ్యర్థికి ఒక్కమాఱు ఓటర్లందఱికి ఉచితముగా పంపు హక్కు గూడ కలదు. కాని గడపయొద్ద నిలిచి "మావానికి ఓటు వేయుము" అని నోరార అడుగు పనిని మాత్రము అమ్మరాదు, కొనరాదు. దీని మూలములు 1883 నాటి అవినీతి నివారణచట్టములో నున్నవి. అంతకుముందు ఇంగ్లండులో ఎన్నికలన్న సారాపీపాలు, విందులు, గూండాలు, కొనబడిన ఓట్లు. రహస్య బ్యాలెటు 1872 లో వచ్చినను లంచము చావలేదు. లంచ మిచ్చువానిని పట్టుకొనుట కష్టమని తెలిసికొని, 1883 లో వ్యయమునకే కట్టడి వేసిరి. ఎంత వ్యయము చేయవచ్చును, ఎందఱిని జీతమునకు పెట్టుకొనవచ్చును అను లెక్కలు చట్టముచే నిర్ణయింపబడెను. ధనము తగ్గుటతో అభ్యర్థులకు జీతములేని మనుష్యులు కావలసివచ్చిరి. పార్టీ శాఖలు, మహిళాసంఘములు, కార్మికసంఘముల వాలంటీర్లు విస్తరించుటకు ఈ కట్టడి ముఖ్యకారణములలో నొకటి. ఆంగ్లేయులు పుట్టుకతో సత్యసంధులై యిట్లు నడచుకొనిరని యెవరైన చెప్పినచో నమ్మకుడు. వారిని చట్టము నడపినది.

తలుపు తట్టుట వ్యర్థమనువారికి ఒక లెక్క చెప్పెదము. 1892 లో దాదాభాయి నౌరోజీగారు లండనులోని సెంట్రల్ ఫిన్స్‌బరీనుండి కామన్స్ సభకు ఎన్నికయిరి. అంతకు నాలుగేండ్లముందు, 1888 లో, అప్పటి ప్రధానమంత్రి సాలిస్బరీ ప్రభువు, ఇంగ్లీషు నియోజకవర్గ మొకటి నల్లవాని నెన్నుకొను కాలమింకను రాలేదని బహిరంగసభలో పలికియుండెను. దాదాభాయిగారికి 2,961 ఓట్లు, ప్రత్యర్థికి 2,956. అయిదు ఓట్లు! ఆ వర్గములో ఏ వీథిలోనైన ఏ వాలంటీరైన "ఈ వానలో ఇక పోలేము" అని చివరి రెండిండ్లు మానియుండినచో, ఆ పార్సీ వృద్ధుడు భారతదేశపు దరిద్రమును గూర్చి ఆ సభలో నిలిచి పలికియుండెడివాడు కాడు. ఇది నూఱేండ్లనాటి విచిత్రమని తోసివేయనక్కఱలేదు. 2017 లో స్కాట్లండులోని ఈశాన్య ఫైఫులో రెండే ఓట్ల తేడా. 2024 లో లండను హెండనులో 15. మన చేవెళ్లలో 2023 శాసనసభ యెన్నికలో తేడా 268. అది నగరములో ఒక పెద్ద అపార్టుమెంటు సముదాయపు ఓట్లకంటె తక్కువ.

పరాయివారి యెన్నికలతో మనకేమి పని యని హైదరాబాదువా డనుటకు వీలులేని సందర్భ మొకటి చరిత్రలో నున్నది. 1945 జూలై 5 వ తేదీన బ్రిటనులో పోలింగు జరిగినది. 26 న ఫలితములు తెలిసినవి. యుద్ధము గెలిచిన చర్చిలు ఓడెను. అట్లీ నాయకత్వమున లేబరుపార్టీ 640 స్థానములలో 393 గెలిచినది. డర్హాము బొగ్గుగనుల కార్మికుడు, లాంకషైరు మిల్లు పనికత్తె తమ యిండ్లకొఱకు, వైద్యముకొఱకు, ఉద్యోగములకొఱకు ఓటువేసిరి. హైదరాబాదను పేరు వారిలో పెక్కుమందికి తెలియదు. కాని రెండేండ్లలో వచ్చిన స్వాతంత్ర్యమును, దాని వెనుక నైజాము సంస్థానపు భవిష్యత్తును వారి ఓటు తాకినది. నైజాముప్రభువునకు సలహాదారుగా నుండి, 1947 నవంబరు నాటి యథాతథపు టొడంబడిక సంప్రదింపులు నడిపిన సర్ వాల్టరు మాంక్టను, చర్చిలు పక్షమువారికి ఆప్తుడు. 1951 లో ఆ పార్టీ తరఫుననే పార్లమెంటు సభ్యుడై, ఆ సంవత్సరమే కార్మికమంత్రి యయ్యెను. 1948 జూలైలో కామన్స్ సభలో హైదరాబాదు సమస్యపై చర్చ జరిగినపుడు చర్చిలు నైజాము పక్షమున గట్టిగా వాదించెను. అప్పటి కతడు ప్రతిపక్షపు బల్లపై నుండెను, అధికారమున లేడు. సెప్టెంబరు 13 న ప్రారంభమైన పోలీసుచర్య 17 న ముగిసినది. ప్రభుత్వపు బల్లపై అతడే యుండినచో ఏమయ్యెడిదో చెప్పుట చరిత్రకారుల పనికాదు, మా పనియు కాదు. కాని నాడు ఇచ్చట మన తాతలకు ఓటులేదు. వృత్తులనుబట్టి, వర్గములనుబట్టి ప్రాతినిధ్యమును పంచవలెనని 1937 లో నియమింపబడిన అరవముదు అయ్యంగారి సంఘము సూచించిన కాలమది. వయోజనులందఱికి ఓటు 1952 యెన్నికలతోగాని ఈ నగరమునకు రాలేదు. ఓటులేని మన భవితవ్యము ఓటుగల పరాయివాని చేతిలో నుండెను. ఈ వీథులలో నేడు ఓటుండియు పోలింగునాడు ఇంట పరుండువారిని చూచినపుడు మాకు కలుగు బాధ యెట్టిదో దీనినిబట్టి గ్రహింపగలరు.

పఠనమందిరములో మాటాడుచున్నాము కావున వి. కె. కృష్ణమేననుగారిని తలపకుండ ముందునకు పోలేము. రక్షణమంత్రిగా వారి కథ యెట్లున్నను, 1934 నుండి 1947 వఱకు లండనులోని సెంటుపాన్‌క్రాసు పురపాలక సభలో లేబరు సభ్యులుగా నుండిరి. ఒకవంక ఇండియాలీగు తరఫున వీథిమొగలలో బల్లమీద నిలిచి స్వరాజ్యముకొఱకు ఉపన్యసించుచు, మఱొకవంక ఆ వార్డులోని పేదలకు గ్రంథాలయములు కావలెనని పోరిరి. మన దేశభక్తుడు పరాయిదేశపు వార్డులో పుస్తకముల బీరువాలకై తగవులాడుట యేమని అప్పుడు నవ్వినవారుందురు. గడపగడపకు పోయినవానికి గడపలోపలి యవసరము తెలియును గదా! 1955 లో ఆ పురమువారు ఆయనకు పౌరసన్మాన మొసగిరి.

ఇక ఆ దేశపు యెన్నికలలో దోషములేదా? చాలగలవు. 2024 జూలై 4 న జరిగిన యెన్నికలో లేబరుపార్టీకి వచ్చిన ఓట్లు నూటికి 33.7, వచ్చిన స్థానములు 650 లో 411. రిఫారం పార్టీకి నూటికి 14.3 ఓట్లు, అయిదే స్థానములు. అంతకంటె తక్కువగా 12.2 వచ్చిన లిబరల్ డెమోక్రాట్లకు 72. మూడవవంతు ఓట్లతో మూడింట రెండువంతులకు దగ్గఱగా స్థానములు! ఈ వింతలెక్క మనము వారినుండియే తెచ్చుకొంటిమి. 2023 లో మన రాష్ట్రమున కాంగ్రెసునకు నూటికి 39, భారత రాష్ట్ర సమితికి 37 ఓట్లు రాగా, స్థానములు 64, 39 గా చీలినవి. వారి పోలింగుశాతము 2024 లో సుమారు 60 మాత్రమే. ఆ యేడాదియే జరిగిన మన లోకసభ యెన్నికలలో సుమారు 66. కావున ఓటువేయుటలో ఆంగ్లేయుడు మనకు గురువు కాడు. అంతేకాక, ఏనాడును మాఱని కంచుకోట స్థానములు అచ్చట పెక్కులు; అట్టిచోట్ల ఎవ్వరును తలుపు తట్టరు, తట్టినను ఫలములేదని ఇంటివారే చెప్పుదురు. యువకులు తక్కువ, కార్యకర్తలలో తలలు నెఱసినవారే యెక్కువ అని మా మిత్రుల మొఱ.

ఆ యెన్నికలో మన తెలంగాణమునుండి పోయినవారిరువురు నిలిచిరి. సిద్దిపేట జిల్లా శనిగరమునకు చెందిన ఉదయ్ నాగరాజుగారు నార్తు బెడ్‌ఫర్డ్‌షైరులో లేబరు తరఫునను, నిజామాబాదు జిల్లా కోటగిరినుండి పోయి వైద్యులుగా స్థిరపడిన చంద్ర కన్నెగంటిగారు స్టోక్ నగరపు సెంట్రల్ స్థానమున కన్సర్వేటివు తరఫునను పోటీచేసిరి. ఒకరు గాలి తమ పార్టీవైపున్నను బలమైన ఎదుటికోటలో, మఱియొకరు గాలియే ఎదురైన తరుణమున. ఇరువురు నోడిరి. మన పత్రికలు తెలుగుబిడ్డ గెలుచునా యను నొక్కప్రశ్ననే నెలదినములు వ్రాసి, ఫలితము రాగానే మఱచినవి. కోహెడ మండలమునుండి వచ్చినవాడు బెడ్‌ఫర్డు పల్లెలలో అపరిచితుల గడపలెక్కి ఓటడుగుటకు కావలసిన విద్య యెచ్చట నేర్చెను, ఏ శాఖలో ఎన్నేండ్లు పనిచేసిన పిదప పార్టీ అతనికి టిక్కెట్టిచ్చెను అని యెవ్వరైన విచారించిరా? మాకు ముఖ్యముగా తోచినది ఆ ప్రశ్న.

గడపయొద్దకు పోవు విద్య మనకు క్రొత్తది కాదు. ఈ మాట గట్టిగా చెప్పవలెను. 1920 నాగపురము కాంగ్రెసు నాలుగణాల సభ్యత్వమును స్థాపించి, భాషలనుబట్టి రాష్ట్రసంఘముల నేర్పఱచినది. 1921 లో బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము కోటిమంది సభ్యులను, తిలక్ స్వరాజ్యనిధికి కోటిరూపాయలను, ఇరువదిలక్షల రాట్నములను కూర్పవలెనని తీర్మానించినది. కోటిమందిని చేర్చుటయన్న కోటి తలుపులు తట్టుటయే. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు ఆ యేడే పన్ను ఎగవేతకు ప్రజలను నిలిపినది. మన సంస్థానములో ఆంధ్రమహాసభ రూపాయి రుసుమును నాలుగణాలకు తగ్గించిన పిమ్మట గ్రామీణులు దానిని "సంఘము" అనియే పిలిచిరి. సంఘమువాడు వచ్చినాడన్న అన్నముపెట్టి ప్రక్కయూరికి దారి చూపిరి. అది మన తాతలతరము. మా తరమున, 2009 నుండి 2014 వఱకు, ప్రత్యేక తెలంగాణోద్యమములో ఈ వీథులే సాక్ష్యము. 2011 సకలజనుల సమ్మెలో వకీళ్ళము నల్లకోట్లతోనే ఇందిరాపార్కు ధర్నాలకు నడచితిమి. నడివీథిని పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేసినపుడు బియ్యమెవరివో, కూరగాయలెవరివో అడిగినవాడు లేడు. ఆనాడు జెండా పట్టుకొన్న చేతికి దినభత్యము అడిగినవానిని మేమొక్కనినైన చూడలేదు.

మఱి నేడో? అదే చేతులు, అదే జెండాకఱ్ఱ, దానికి కూలి. ఉదయము ఒక రంగు కండువా, సాయంకాలము మఱొక రంగు. తెచ్చినవానికి తలకింతయని లెక్క. పొట్లము బిర్యాని, రానుపోను ఆటో. జిల్లా యెన్నికల యధికారులు ప్రకటించు ధరలపట్టికలలో కుర్చీకి, షామియానాకు, చాయకు ధర వ్రాసినట్లే మనిషికిని వ్రాయుచున్నారు. ఇది చట్టవిరుద్ధమా యని మమ్మడిగినచో, కాదనియే చెప్పవలసియున్నది. మన 1951 నాటి ప్రజాప్రాతినిధ్యచట్టము లంచమును, బెదిరింపును, ఓటర్లను బండ్లలో తరలించుటను అవినీతిచర్యలుగా నెన్నినది. ఓటడుగుటకు కూలి యిచ్చుటను మాత్రము నిషేధింపలేదు, లెక్కలో చూపినచో చాలును. శాసనసభ యభ్యర్థికి 2022 లో నిర్ణయించిన పరిమితి 40 లక్షలు. బ్రిటనులో 2024 లో 75,000 మంది ఓటర్లుగల పట్టణస్థానమున, ఎన్నిక ప్రకటించిన పిమ్మట అభ్యర్థికి పరిమితి సుమారు 17,400 పౌనులు, అనగా నాటి మారకమున పదునెనిమిది లక్షల చిల్లర. వారి స్థానములు చిన్నవి, వస్తువుల వెలలు పెద్దవి. కావున ఈ యంకెలను మాత్రమే ప్రక్కప్రక్కన బెట్టి తీర్పుచెప్పుట న్యాయముకాదు. అసలు భేదము వేఱొకచోట నున్నది. 2000 సంవత్సరపు చట్టముచే అచ్చట పార్టీల దేశవ్యాప్తవ్యయమునకును పరిమితి యేర్పడినది. 2023 లో దానిని పెంచి నియోజకవర్గమునకు 54,010 పౌనుల చొప్పున నిర్ణయించిరి. అది యెక్కువయని అచ్చటివారే గోలపెట్టిరి. మనకో, పార్టీ వ్యయమునకు పరిమితియే లేదు. 1974 లో కన్వర్‌లాల్ గుప్తా వ్యాజ్యములో, అభ్యర్థి యెఱుకతో అతనికొఱకు పార్టీ చేసిన వ్యయము అతని లెక్కలోనికే వచ్చునని సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. తీర్పు సిరా యారకముందే చట్టమునకొక వివరణ చేర్చి దానిని వమ్ముచేసిరి. 2003 లో ఆ వివరణ మాఱినను, పార్టీ మొత్తముగా గుమ్మరించు ధనమునకు కట్ట పడలేదు. దాత పేరు దాచిన యెన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15 న సుప్రీంకోర్టు కొట్టివేసినది గాని, తూము మూసినంతనే చెరువెండదు.

ఇచ్చట ఒక మాట. కూలికి జెండా పట్టుకొను అడ్డాకూలిని, బస్తీలోని తల్లిని నిందించు అలవాటు చదువుకొన్న మనలో నున్నది. అది తగదు. ఆమెకు దినము పోయినచో కూడులేదు. ఎండలో నాలుగుగంటలు నిలిచినందుకు ఆమె తీసికొనునది శ్రమకు వెల. తప్పు, ఆమె నిలిచినచోట తాను నిలువక ఇంట కూర్చుండి దూరదర్శనములో చర్చలు చూచు మనది. ఉద్యోగికి ఆదివారమున్నది, వకీలునకు సెలవులున్నవి, పింఛనుదారునకు వారమంతయు నున్నది. తీరిక గలవారు తప్పుకొన్నచోటనే కూలి ప్రవేశించినది.

పార్టీలును కార్యకర్తను అట్లే చూచుచున్నవి. బ్రిటనులో అభ్యర్థిని సాధారణముగా స్థానిక శాఖ సభ్యులు ఎన్నుకొందురు. 2024 లో హఠాత్తుగా ఎన్నిక వచ్చుటచే పెక్కుచోట్ల కేంద్రకార్యాలయమే పేర్లను రుద్దినదని శాఖలు మండిపడినవి. మండిపడుటకు అచ్చట నొక హక్కు గుర్తున్నది. మనకు టిక్కెట్టు ఢిల్లీనుండియో, నాయకుని యింటినుండియో అర్ధరాత్రి దిగును. మఱునాడు ఉదయము కార్యకర్త ఆ క్రొత్త పేరుతో గోడపత్రిక అంటించును. ఇంతచేసి గెలిపించినవాడు ఎదుటిపక్షమున కూర్చున్నచో? 2019 లో కాంగ్రెసు శాసనసభ్యులు 12 మంది ఒక్కపెట్టున అధికారపక్షములో విలీనమైరి. 2023 యెన్నికల తరువాత గాలి తిరిగి, అటువారు ఇటు వచ్చిరి. పేర్లు మాఱినవి, పద్ధతి మాఱలేదు. పార్టీ ఫిరాయించు స్వేచ్ఛ బ్రిటనులోను కలదు. చర్చిలే రెండుమార్లు ఫిరాయించెను. 2015 లో వచ్చిన వెనుకకు పిలుచు చట్టమును ఫిరాయింపునకు వర్తింపదు. జైలుశిక్ష పడినపుడో, సభనుండి కొంతకాలము సస్పెండైనపుడో వంటి కొన్ని సందర్భములలోనే పదవవంతు ఓటర్ల సంతకములతో పదవి పోవును. 2019 లో పీటర్‌బరో సభ్యురాలట్లు మొదటిమాఱు పదవి కోల్పోయిరి. ఐనను ఫిరాయించినవాడు మరల అదే గడపలకు, అదే కార్యకర్తల ముందుకు పోవలసియుండును. తలుపుతట్టువారు చేయివదలినచో వాని బలము సగము పోవును. కూలివారితో నడచు యెన్నికలో ఆ భయమునకు తావేది?

ఇక మన వార్డు సంగతి. 2020 డిసెంబరు 1 న, 150 వార్డులకు జరిగిన నగరపాలక యెన్నికలో ఓటు వేసినవారు నూటికి 47 కంటె తక్కువ. ఆనాడు కరోనా భయమున్నదనుట నిజమే; కాని అంతకుముందును తరువాతను హైదరాబాదు లెక్క పెద్దగా మాఱలేదు. గాంధీనగర్, అశోక్‌నగర్, చిక్కడపల్లి ఇండ్లలో జాబితా పట్టుకొని తిరిగినవారికి కారణములు కొన్ని కన్నులకు కట్టును. జాబితాలో అయిదు పేర్లున్న యింట ఇద్దరు వృద్ధులు మాత్రమే తలుపు తీయుదురు. బిడ్డలు ముగ్గురు డల్లాసులోనో, లండనులోనో. ఇల్లుమాఱినవాని పేరు పాతచిరునామాలోనే యుండును, క్రొత్తచోట చేర్చుకొనడు. గతించినవారి పేర్లు ఏండ్లతరబడి తొలగవు. నగర కేంద్ర గ్రంథాలయము చుట్టును అద్దెగదులలో పరీక్షలకు చదువుకొను వేలాదియువకులు ఏడాదిలో పదిమాసములిచ్చట నివసించియు ఓటు ఊరిలో నుంచుకొందురు. ఊరికి పోవుటకు ఛార్జీలుండవు. రాజ్యాంగపు అధికరణములన్నియు కంఠస్థము చేయువారికి ఓటువేయు వీలు చిక్కకపోవుట మాకు మిక్కిలి శోచనీయముగా తోచుచున్నది. అపార్టుమెంటులో కావలివాడు లోనికి పోనీయడు. సంఘకార్యదర్శి అనుమతి తెమ్మనును. లండనులోను ఇదే చిక్కున్నదట, కావలివానికి మాఱుగా అచ్చట మీట.

ఇందులో నొక విపరీతమున్నది, వినుడు. బ్రిటనులో చట్టబద్ధముగా నివసించు కామన్‌వెల్తుదేశ పౌరునికి అచ్చటి పార్లమెంటు యెన్నికలో ఓటున్నది. భారతపౌరత్వము వదలుకోనక్కఱలేదు. చదువుటకు పోయిన మన చిక్కడపల్లి బిడ్డ పేరు నమోదు చేసికొన్నచో, ఆ దేశపు ప్రధానమంత్రిని నిర్ణయించు యెన్నికలో ఓటువేయవచ్చును. ఇచ్చట 2010 చట్టసవరణచే ప్రవాసపౌరునికి ఓటు దక్కినను, స్వయముగా వచ్చియే వేయవలెను. కావున గాంధీనగరములో జన్మించి, ఇచ్చట ఒక్కమాఱును ఓటువేయక, జీవితములో మొదటి ఓటును లండను వీథిలోని చర్చిహాలులో పెన్సిలుతో వేసిన యువతీయువకులు మన యెఱుకలో నున్నారు. అచ్చట వాని యింటికి మూడు పార్టీలవారు వచ్చి తలుపు తట్టిరట! ఇచ్చట ఇరువదియేండ్లలో ఓటరుచీటీ యిచ్చు ఉద్యోగితప్ప ఎవ్వరును రాలేదని ఒక తల్లి మాతో ననెను.

మేము కోరున దీ మందిరపు సభ్యులకు సాధ్యమైన చిన్నపని. వచ్చు నగరయెన్నిక యెప్పుడు వచ్చినను, మనము కూలికి కాక, పార్టీ యేదైనను, ముందుగా మన మూడు నాలుగు వీథుల జాబితాను సరిచూడవలెను. ఓటర్ల జాబితా బహిరంగపత్రము. పోలింగుకేంద్రముల వారీగా ఎన్నికల సంఘపు వెబ్‌సైటులో దొరకును. ఇరువురిరువురుగా పోవలెను, ఒకరు స్త్రీ యైనచో తలుపులు త్వరగా తెఱచుకొనును. ఓటెవరికని యడుగనక్కఱలేదు. ఇంట నున్న దెవరు, ఇల్లుమాఱిన దెవరు, గతించిన దెవరు, పదునెనిమిదేండ్లు నిండిన దెవరు - ఈ నాలుగే వ్రాసికొనవలెను. క్రొత్తపేరునకు ఆఱవసంఖ్య దరఖాస్తు, తొలగింపునకు ఏడవది, చిరునామా మార్పునకును తప్పుల సవరణకును ఎనిమిదవది. గ్రంథాలయపు విద్యార్థులకు వారి గదులయొద్దనే నింపి యియ్యవచ్చును. విద్యార్థి తాను చదువుకొనుచు నివసించుచోట నమోదు చేసికొనుటకు చట్టములో అభ్యంతరము లేదు, ఊరిలోని పేరు తొలగింపించుకొన్నచో చాలును. పరస్పరవైరముగల పార్టీలవారు ఒకే వీథిలో ఒకేసారి తిరిగినను మాకు సంతోషమే. అపార్టుమెంటు సంఘముల కార్యదర్శులకు ముందుగా ఉత్తరము వ్రాయు భారమును మేము వహించెదము. ఈ సభ ముగియగానే ద్వారమునొద్ద బల్లపై రెండు వీథుల జాబితాల ప్రతులుండును. పేరు వ్రాసియిచ్చువారు ఒక్కొక పుట తీసికొనిపోవచ్చును. మొదటి నడక వచ్చు ఆదివారము ఉదయము 7 గంటలకు, ఈ మెట్లయొద్దనుండియే.